అడవిలోకి దూకే ముందు ఒక అరగంట

(నల్లమల చుట్టుపక్కల ఊళ్ల నుంచి గాలింపు పనికి ముందుకొచ్చిన యువతీయువకులకు, ట్రెకింగ్ బృందాల సభ్యులకు ఇచ్చిన శిక్షణ ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. టైం తక్కువ ఉంది, సూటిగా విషయంలోకి వస్తాను.

ఉగాదికి ముందు రోజుల్లో కన్నడ భక్తులు వేల మంది ఆత్మకూరు వైపు నుంచి నల్లమలలో నడిచి శ్రీశైలం వెళ్తారు. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం. దారి మీకు తెలిసిందే. అది అయిందో లేదో చైత్ర పౌర్ణమికి అవతల అమ్రాబాద్ వైపు సలేశ్వరం జాతర. ఇంత జనం కదిలినప్పుడు ఒకరిద్దరు గుంపు నుంచి విడిపోవడం మామూలే. చాలామంది గంటా రెండు గంటల్లో మళ్లీ కలుస్తారు. కలవనివాళ్ల కోసమే ఈ శిక్షణ.

మాట్లాడుకోవడానికి ఒక మనిషిని ఊహించుకుందాం. వయసు 62. కర్ణాటక నుంచి వచ్చాడు, తెలుగు రాదు, షుగర్ ఉంది. పెచ్చెరువు దాటాక గుంపు ఒకచోట ఆగింది. సాయంత్రం 4 గంటలకు కాలకృత్యాలకని పక్కకు వెళ్లాడు. ముందు వెళ్లిపోయాడేమో అనుకుని మిగతావాళ్లు నడక సాగించారు. తర్వాతి మజిలీలో లేడని తెలిసేసరికి రాత్రి 7. అప్పుడు మీకు ఫోన్ వచ్చింది. ఏం చేస్తారు?

(సభలో ఒకరు: టార్చిలు తీసుకుని పోతాం సార్.)

అవును, అందరూ అదే చేస్తారు. పది నిమిషాల్లో యాభై మంది పోగవుతారు, పేరు పెట్టి కేకలేస్తూ అడవిలో పడతారు. మంచి మనసుతోనే చేస్తారు, అందులో అనుమానం లేదు. కానీ తెల్లారేసరికి ఆ మనిషి పక్కకు తిరిగిన చోట ఆయన అడుగు మీద నూట యాభై అడుగులు పడి ఉంటాయి. ఎవరు ఎక్కడ చూశారో ఎవరికీ గుర్తుండదు. వెతకడానికి వెళ్లినవాళ్లలో ఇద్దరు తిరిగొచ్చి ఉండరు. అప్పుడు వెతకాల్సింది ముగ్గురి కోసం. ఈ పూట మీకు నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే: మొదటి అరగంట అడవి అంచున ఆగి చేసిన పనే, తర్వాత రెండు రోజులు నడిచే నడకకు విలువనిస్తుంది.

అలాగని తాత్సారం చేయమని కాదు. లెక్క చూడండి. ఆ వయసు మనిషి గుట్టల్లో గంటకు 2 కిలోమీటర్లు నడుస్తాడనుకోండి. గంటలో ఆయన ఉండగలిగిన ప్రాంతం 2 కిలోమీటర్ల వ్యాసార్ధం, అంటే 12 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మూడు గంటలకు వ్యాసార్ధం 6 కిలోమీటర్లు, విస్తీర్ణం 113. కాలం మూడు రెట్లయితే నేల తొమ్మిది రెట్లు. అందుకే ఆ అరగంటలో రెండు పనులు ఒకేసారి నడవాలి. ఒక జట్టు సమాచారం సేకరించాలి, ఇంకో జట్టు ఆ వృత్తం పెరగకుండా అడ్డుకట్ట వేయాలి.

అంతకంటే ముందు ఒక ఫోన్. 112కి చెప్పండి, ఫారెస్టు రేంజ్ ఆఫీసుకు చెప్పండి. మనిషి తప్పిపోయాక 24 గంటలు ఆగితేనే పోలీసులు ఫిర్యాదు తీసుకుంటారని జనంలో ఒక నమ్మకం ఉంది. అలాంటి నియమం ఏదీ లేదు. గాలింపు బాధ్యత చట్టప్రకారం పోలీసులది, అడవి అటవీశాఖది. నల్లమలలో ఎక్కువ భాగం పులుల అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు, రాత్రి అసలే కుదరదు. మనం వాళ్ల చేతికింద పనిచేసే స్వచ్ఛంద సిబ్బందిమి. ఈ మాట కొందరికి నచ్చకపోవచ్చు. కానీ పులి తిరిగే బ్లాకులో, అంటే అడవి ముక్కలో, అటవీశాఖ వాచర్ తోడు లేకుండా ముగ్గురు కుర్రాళ్లను పంపే అధికారం ఏ సంఘానికీ లేదు.

ఇప్పుడు సమాచారం. తోటి ప్రయాణికులను విడివిడిగా కూర్చోబెట్టి అడగండి. అందరినీ ఒకచోట అడిగితే మొదట మాట్లాడినవాడు చెప్పిందే మిగతావాళ్లు చెబుతారు. ఆఖరుసారి కళ్లారా చూసింది ఎవరు, ఎక్కడ, ఎన్నింటికి? ‘అక్కడెక్కడో’ అంటే ఒప్పుకోవద్దు, ఆ మనిషిని వెంటబెట్టుకుని ఆ చోటికి వెళ్లండి. ఒంటి మీద బట్టల రంగు, తలపాగా, కంబళి. చేతిలో కర్ర ఉందా? సంచిలో తిండి, నీళ్లు ఎంత? మందు ఏ పూట వేసుకోవాలి, వేసుకున్నాడా? షుగర్ మాత్ర వేసుకుని తిండి తినకపోతే చక్కెర పడిపోతుంది, మనిషి తికమకపడతాడు, పిలిచినా పలకకపోవచ్చు. ఇంట్లో ఏమని పిలుస్తారు? బీడీ అలవాటుందా, ఏ బీడీ? వక్కపొడి ఏది? ఆ కాగితం ముక్క ఒక్కటి దొరికినా ఆనవాలే. చెప్పులు ఎవరితోనైనా కలిసి ఒకే షాపులో కొన్నాడా? కొని ఉంటే ఆ రెండో జత అడుగుభాగాన్ని స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసుకోండి. ఉత్తకాళ్లతో నడుస్తున్నాడంటే పాదం పొడవు ఇంటివాళ్ల దగ్గరున్న పాత చెప్పుల మీద కొలవొచ్చు.

ఇంకొకటి అడగడానికి మొహమాటపడతారు, కానీ అడగాలి. ఈ మధ్య మనసు బాగాలేదా, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా, మతిమరుపు ఉందా? జవాబును బట్టి గాలింపు మొత్తం మారిపోతుంది. చనిపోవాలనుకుని వెళ్లినవాళ్లు సాధారణంగా ఎంతో దూరం పోరు, మనుషుల కంటపడని చోటు దొరికితే అక్కడే ఆగుతారు, పిలుపుకు పలకరు. మతిమరుపు ఉన్న పెద్దవాళ్లు దారిలోంచి పక్కకు జరిగి, ముళ్లపొదో వాగు గట్టో అడ్డుపడే దాకా పోతూనే ఉంటారు, అక్కడ ఇరుక్కుని ఉండిపోతారు. వాళ్లకు తాము తప్పిపోయామన్న ఎరుకే ఉండదు. మూడేళ్ల లోపు పిల్లలు ఇరుకు చోట దూరి నిద్రపోతారు. కాస్త పెద్ద పిల్లలు కొత్తవాళ్ల గొంతు వింటే దాక్కుంటారు, ఇంట్లో తిడతారని కూడా దాక్కుంటారు. పిల్లల కోసం వెతికేటప్పుడు పొద కింద వంగి చూడకుండా ‘ఆ బ్లాక్ అయిపోయింది’ అని చెప్పకండి.

ఫోన్ ఉందా అన్నది ప్రత్యేకంగా చూడాలి. ఉంటే బంధువులందరూ ఒకేసారి చేయడం ఆపించండి, మోగి మోగి బ్యాటరీ అయిపోతుంది. ఒక్కరే, పావుగంటకోసారి. మెసేజ్ ఒకటి పెట్టండి: ‘ఉన్నచోటే ఉండండి, వస్తున్నాం.’ కాల్ కలవని సిగ్నల్‌లో కూడా ఎస్సెమ్మెస్ ఒక్కోసారి జారుకుంటుంది. టవర్ వివరాలు పోలీసులు తెప్పిస్తారు. టవర్ లొకేషన్ అంటే మనిషి ఉన్న చోటు కాదని గుర్తుంచుకోండి. గుట్టల మధ్య ఒక్కో టవర్ కిలోమీటర్ల కొద్దీ అడవిని కప్పుతుంది, దగ్గరి టవర్‌కు కొండ అడ్డొస్తే దూరపు టవర్ అందుకుంటుంది.

ఇదంతా సాగుతుండగానే రెండో జట్టు అడ్డుకట్ట వేయాలి. ఆ మనిషి బయటికి రాగలిగిన చోట్లన్నీ మ్యాప్ మీద గుర్తించండి. బండ్లబాట, వాగు రోడ్డును దాటే కల్వర్టు, అటవీశాఖ బేస్ క్యాంపు, చెంచుల గూడెం (పెంట), చెక్‌పోస్టు. ఒక్కో చోట ఇద్దరిని కూర్చోబెట్టండి. వాళ్లు కదలకూడదు. దీపం వెలిగించి ఉంచాలి, మంట వేయకూడదు. ఎండాకాలం అడవికి నిప్పంటుకుంటే తప్పిపోయిన మనిషికే మొదటి ముప్పు. జీపు ఉంటే పదిహేను నిమిషాలకోసారి హారన్ కొట్టి, ఇంజిన్ ఆపి, రెండు నిమిషాలు చెవులు రిక్కించి వినాలి. ఇంజిన్ ఆపకుండా వినడం వ్యర్థం. కాలిబాట అడ్డంగా దాటే చోట, మెత్తని దుమ్ములో రెండు మీటర్ల మేర కొమ్మతో చదును చేసి వదిలేయండి. తెల్లారి చూస్తే ఎవరు ఎటు దాటారో అదే చెబుతుంది. ఎలుగుబంటి దాటినా చెబుతుంది, అదీ పనికొచ్చే సమాచారమే.

శ్రీశైలం బస్టాండు, దోర్నాల, ఆత్మకూరు, ఆయన సొంత ఊరు, ఈ నాలుగు చోట్లా ఫోన్ మీద విచారించే మనిషి ఒకరు వేరుగా ఉండాలి. అడవిలో లేని మనిషి కోసం అడవిని జల్లెడ పట్టడం అరుదేం కాదు.

అరగంట ముగిసింది. ఇప్పుడు చిన్న జట్లు బయల్దేరతాయి. మొదటివి ముగ్గురేసి, వాటిలో ఒకరు వాచర్ గానీ స్థానిక చెంచు గానీ. వీళ్లు అడవంతా వెతకరు. మనిషి చేరడానికి ఎక్కువ వీలున్న చోట్లు మాత్రమే వేగంగా చూసొస్తారు. ఆఖరుసారి కనిపించిన చోటి నుంచి రెండువైపులా కాలిబాట, చీలిక ఉన్న ప్రతి చోటా తప్పుదారి, కిందికి దిగే వాగు, చెలమలు, పాడుబడ్డ గుడి, బండ కింద గుహ. తప్పిపోయిన మనిషి దాహం వేసి పల్లానికి దిగుతాడు. నల్లమలలో పల్లానికి దిగితే వాగు ఇరుకవుతూ పోతుంది, ఒకచోట నిలువు బండ వస్తుంది, అక్కడ కిందికీ దిగలేడు, పైకీ ఎక్కలేడు. అలాంటి చోట్లు స్థానికులకు పేరు పేరునా తెలుసు. మ్యాప్ పరిచి వాళ్లనే గుర్తు పెట్టమనండి.

తప్పిపోయిన మనిషి చుట్టుచుట్టి వచ్చినచోటికే వస్తాడంటారు కదా, అది ఉత్త నమ్మకం కాదు. జర్మనీలో శాస్త్రజ్ఞులు మనుషులకు జీపీఎస్ కట్టి అడవిలోనూ సహారా ఎడారిలోనూ నడిపించి చూశారు, 2009లో ఫలితాలు వచ్చాయి. సూర్యుడో చంద్రుడో కనిపిస్తున్నంతసేపు దాదాపు తిన్నగానే నడిచారు. మబ్బు పట్టాక, తిన్నగానే పోతున్నామనుకుంటూ, తాము దాటిన దారినే మళ్లీ దాటారు. మన పనికి దీని అర్థం ఏమిటంటే, మబ్బు పట్టిన రోజైతే ఆఖరుసారి కనిపించిన చోటి చుట్టుపక్కలను తొందరపడి వదిలేయకూడదు. ఒకసారి చూశాం కదా అని అక్కడికి మళ్లీ ఎవరినీ పంపకపోవడం తప్పు.

పిలుపు సంగతి. విడివిడిగా కేకలేస్తే ఒకరి కేక ఇంకొకరికి జవాబులా వినిపిస్తుంది, జట్టంతా తప్పుదారిన పరుగెడుతుంది. వైర్‌లెస్‌లో టైం చెప్పుకుని అన్ని జట్లూ ఒకేసారి ఈల వేయాలి, తర్వాత ఒక నిమిషం పూర్తి నిశ్శబ్దం. ఆ నిమిషంలో ఒక్కరు కూడా కదలకూడదు. ఎండుటాకుల మీద అడుగు చప్పుడు చాలు, దూరపు మూలుగును మింగేస్తుంది. ప్రతి ఒక్కరూ శబ్దం వినిపించిన దిక్కును దిక్సూచి మీద డిగ్రీల్లో రాసుకోవాలి. రెండు జట్ల గీతలు మ్యాప్ మీద ఎక్కడ కలుస్తాయో అటు పోవచ్చు. మన ఉదాహరణలో ఆయన కన్నడ మనిషి. తెలుగులో అరిస్తే ఎవరో ఏమిటోనని భయపడి ఊరుకోవచ్చు. ‘అజ్జా, ఎల్లిద్దీరి?’ (తాతా, ఎక్కడున్నారు?) అని పిలవండి. ఇంకా మంచిది, ఇంటివాళ్ల గొంతు ఫోన్‌లో రికార్డు చేసి స్పీకర్‌లో పెట్టండి.

అడుగుజాడల విషయంలో చెంచుల చూపుకు సాటి వచ్చే పరికరం ఏదీ లేదు. అటవీశాఖ వాళ్లను బేస్ క్యాంపుల్లో వాచర్లుగా పెట్టుకున్నది ఊరికే కాదు. వాళ్లను గుంపు వెనకాల నడిపించి ‘దారి చూపించు’ అనడం అన్యాయం. జాడ చదివే మనిషి ముందుండాలి, మిగతా ఇద్దరూ ఆయన వెనక, చెరో పక్క. ఆఖరి అడుగు దాటి ఎవరూ ముందుకు కాలు వేయకూడదు.

మనం నేర్చుకోగలిగినంత మనమూ నేర్చుకోవాలి. మీటరు పొడవు కర్ర ఒకటి, దానికి రెండు రబ్బరు బ్యాండ్లు. దొరికిన రెండు వరుస అడుగుల మధ్య దూరం, మడమ నుంచి మడమకు, మొదటి బ్యాండుతో గుర్తు పెట్టండి. పాదం పొడవు రెండోదానితో. తర్వాత అడుగు కనిపించనప్పుడు కర్ర కొసను ఆఖరి అడుగు మడమ దగ్గర ఆనించి, బ్యాండు ఉన్న చోటును నేల మీద నెమ్మదిగా వంపుగా తిప్పండి. తర్వాతి మడమ ఆ వంపు మీదే ఎక్కడో ఉండాలి. తలకిందులైన ఆకు, ఇసుకలోకి దిగిన గులకరాయి, వంగిన గడ్డిపోచ, నలిగిన చీమలబారు, ఏదో ఒకటి ఉంటుంది. దొరికిన ప్రతి అడుగు పక్కన పుల్ల గుచ్చండి. వెలుతురు మీకు ఎదురుగా ఉండాలి, జాడ మీకూ వెలుతురుకూ మధ్యన ఉండాలి. మిట్టమధ్యాహ్నం నీడలుండవు, జాడ కనిపించదు. రాత్రి టార్చిని నేలకు ఆనించినట్టు పట్టుకుంటే పగలు దొరకని గుర్తు కూడా తేలుతుంది. హెడ్‌ల్యాంప్ నుదుటి నుంచి కిందికి కొడితే మాత్రం అంతా చదునుగానే కనిపిస్తుంది, అందుకే జాడ చూసేవాళ్లు ల్యాంపు చేతిలోకి తీసుకోవాలి.

వేల మంది నడిచిన దారిలో అడుగులెలా వెతుకుతారని అడుగుతారు. దారి నడుమ వెతకరు. దారికి రెండు అంచులూ పట్టుకుని, ఒంటరి అడుగు ఎక్కడ పక్కకు దిగిందో చూస్తారు.

పోలీసు కుక్క వస్తుందని తెలిస్తే ఆయన దిండుగలీబో, ఉతకని బనీనో కావాలి. ఎవరూ ముట్టుకోకండి. శుభ్రమైన కవరును చేతికి గ్లౌజులా తొడుక్కుని, బట్టను పట్టుకుని, కవరును లోపలి నుంచి బయటికి తిప్పి మూతికట్టండి. ఇంటివాళ్లు ప్రేమకొద్దీ ఆ బనీను గుండెలకు హత్తుకుంటే కుక్కకు రెండు వాసనలు తగులుతాయి. ఎండ ముదిరాక వాసన నేల మీద నిలవదు. కుక్క పని తెల్లవారుజామునే.

డ్రోన్ మీద ఆశలు ఎక్కువ, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. వేడిని చూసే కెమెరా మనిషిని చూడదు, మనిషికీ పరిసరాలకూ ఉన్న వేడి తేడాను చూస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం బండరాయి మనిషి ఒంటికంటే వేడిగా ఉంటుంది. సాయంత్రం దాకా పీల్చిన వేడిని అర్ధరాత్రి వరకూ వదులుతూనే ఉంటుంది. తెల్లవారుజామున 3 నుంచి 6 మధ్యలో ఎగరేస్తేనే ప్రయోజనం. మన అడవి ఆకురాల్చే అడవి కాబట్టి ఎండాకాలంలో పైనుంచి కింద నేల కనిపిస్తుంది, వానాకాలంలో ఆకు కప్పేస్తుంది. వేడి ఆకులను దాటి పైకి రాదు. కొండతేనె పట్టున్న చరియల దగ్గరికి డ్రోన్ పోనివ్వకండి, తేనెటీగలు లేస్తే కింద ఉన్న జట్టుకు పరుగెత్తే చోటుండదు. 2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ ఈ నల్లమలలోనే కూలింది. వైమానిక దళం దిగింది, సుఖోయ్ విమానం కూడా వచ్చింది. వాన, మబ్బు. పావురాలగుట్ట మీద జాడ దొరికింది మర్నాడు పొద్దుటికి. అంత పెద్ద యంత్రమే అలా దాగిపోయిన చోట, చెట్టు కింద పడుకున్న ఒక మనిషి పైనుంచి కనిపించలేదంటే అక్కడ లేడని కాదు.

ఇక రెండో రోజు పని, అసలైన లెక్క. ప్రాంతాన్ని బ్లాకులుగా విడగొట్టండి. హద్దులు నేల మీద కనిపించేవై ఉండాలి: వాగు, కాలిబాట, గుట్ట శిఖరం. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాపులో సెంటీమీటరు అంటే 500 మీటర్లు, ఎత్తును చూపే గీత గీతకూ 20 మీటర్ల తేడా. ఒక జట్టు అరపూటలో చూడగలిగినంతే ఒక బ్లాక్. తర్వాత ఐదారుగురు తెలిసినవాళ్లు, వాళ్లలో ఒక చెంచు పెద్ద తప్పనిసరి, ఒకరి కాగితం ఒకరు చూడకుండా, ఏ బ్లాకులో ఉండే అవకాశం నూటికి ఎంతో రాయాలి. సగటు తీయండి. పెద్ద ఆఫీసరు ముందు నోటితో చెప్పిస్తే అందరూ ఆయన మాటే అంటారు, అందుకే కాగితం.

మన ఉదాహరణలో వాగు లోయ 40, పైన గుట్ట 30, పడమటి చదును 20, అసలు అడవి దాటి బయటికి పోయి ఉండడం 10 అని వచ్చిందనుకోండి. ఆ ఆఖరి పది తప్పకుండా పెట్టాలి. మొత్తం నూరూ అడవిలోనే పంచేస్తే మన లెక్క మనల్నే మోసం చేస్తుంది.

లోయకు ఆరుగురు వెళ్లారు. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న: అక్కడ మనిషి ఉంటే వీళ్లకు కనిపించి ఉండేవాడా? దానికి అక్కడి పొదల్లోనే కొలవాలి. మట్టికొట్టుకున్న పంచె చుట్టిన గోనెసంచి ఒకటి నేల మీద పడేయండి. దాని నుంచి నడుచుకుంటూ దూరం వెళ్లండి, కనిపించడం ఎక్కడ ఆగిందో చూడండి. ఇంకొంచెం దూరం పోయి వెనక్కి రండి, మళ్లీ ఎక్కడ కనిపించిందో కొలవండి. ఇలా ఎనిమిది దిక్కుల నుంచి చేసి సగటు తీయండి. సగటు 18 మీటర్లు వచ్చిందనుకుందాం. నేలలో కలిసిపోయే రంగుకు దాన్ని సుమారు 1.1తో గుణిస్తారు, కొట్టొచ్చినట్టు కనిపించే రంగుకు 1.8తో. మనది మట్టిరంగు, కాబట్టి 20 మీటర్లు. అది ఒక మనిషి నడుస్తూ ఊడ్చే పట్టీ వెడల్పు. ఆరుగురు, గంటకు కిలోమీటరు చొప్పున నాలుగు గంటలు, మొత్తం 24 కిలోమీటర్ల నడక. 24 కిలోమీటర్లు ఇంటూ 20 మీటర్లు, 0.48 చదరపు కిలోమీటరు. ఇలా ఊడ్చిన నేలను బ్లాకు విస్తీర్ణంతో భాగిస్తే వచ్చేది కవరేజి. బ్లాకు కూడా అంతే ఉంటే కవరేజి 1.

కవరేజి 1 అంటే అంతా చూసేసినట్టు కాదు! మనుషులు గీసిన గీతల మీద నడవరు, చూసిన చోటే మళ్లీ చూస్తారు, పక్కది వదిలేస్తారు. కవరేజి 1కి దొరికే అవకాశం నూటికి 63. సగానికి 39. రెండింతలకు 86. నూటికి నూరు ఎప్పటికీ రాదు. జట్టు నాయకుడు వచ్చి ‘శుభ్రంగా చూశాం సార్, చీమను కూడా వదల్లేదు’ అంటే రిజిస్టర్‌లో ఆ మాట రాయకండి. మనిషికీ మనిషికీ అంతరం ఎంత, గంటలెన్ని, ఎక్కడ పొద దట్టంగా ఉండి వదిలేశారు, అవి రాయండి. వదిలేసిన చోటు చెప్పినవాణ్ని ఎవరూ తప్పుపట్టకూడదు. తప్పుపడితే రేపటి నుంచి చెప్పరు.

లోయలో దొరకలేదు. దాని 40లో 63 శాతం పోయి 37 శాతమే మిగిలింది, అంటే 14.8. మొత్తం నూరులో 25.2 పోయి 74.8 మిగిలింది. దాన్ని మళ్లీ నూరుగా చేస్తే లోయ 20, గుట్ట 40, చదును 27, బయట 13. మధ్యాహ్నం జట్టు గుట్టకు పోవాలి, ‘బయట’ విచారణకు ఇంకో మనిషి కావాలి. ఇది కాగితం మీద ఐదు నిమిషాల పని. ఇది చేయకపోతే ఏమవుతుందంటే, అందరి మనసూ లోయ మీదే ఉంటుంది, మూడు రోజులు లోయలోనే తిరుగుతారు.

2013లో అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో అపలాచియన్ ట్రైల్ అనే పొడవాటి కాలినడక దారి మీద నడుస్తున్న ఒక పెద్దావిడ దారి పక్కకు తిరిగి తప్పిపోయారు. పెద్దఎత్తున గాలించారు, స్వచ్ఛంద కార్యకర్తలు, కుక్కలు, విమానాలు. రెండేళ్ల తర్వాత 2015లో దట్టమైన చెట్ల కింద గుడారంలో అవశేషాలు దొరికాయి. తప్పిపోయాక మూడు వారాలకు పైగా బతికే ఉన్నారని ఆమె రాసుకున్న పుస్తకం చెప్పింది. ఫోన్ నుంచి పెట్టిన మెసేజులు సిగ్నల్ లేక ఒక్కటీ పోలేదు. అనుభవం ఉన్న బృందాలే వెతికిన చోటది. అందుకే ఆ 63, 86 అంకెల మీద ఇంత సేపు మాట్లాడాను.

సమాచారంలో దొర్లే తప్పు ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. జీపీఎస్ అంకెలు చదివే పద్ధతి ముందే ఒప్పందం చేసుకోండి. ఒకరు ‘16 డిగ్రీల 10 నిమిషాలు’ అని చెబితే ఇంకొకరు 16.10 అని రాసుకుంటారు. మొదటిది దశాంశంలో 16.1667. తేడా 7 కిలోమీటర్ల పైచిలుకు. స్ట్రెచర్ జట్టు వేరే లోయకు పోతుంది. అందరూ దశాంశ డిగ్రీలే, నాలుగు స్థానాల వరకూ, అవతలివాళ్లు తిరిగి చదివి వినిపించాలి. చిన్న వైర్‌లెస్ సెట్లు కొండ అడ్డొస్తే అర కిలోమీటరు కూడా అందవు, కాబట్టి మాటను అటూ ఇటూ అందించడానికి శిఖరం మీద ఒక మనిషిని కూర్చోబెట్టండి. విదేశాల నుంచి వచ్చే మనవాళ్లు ఉపగ్రహ మెసెంజర్లు తెచ్చుకుంటున్నారు. అక్కడ మామూలే, ఇక్కడ టెలికాం శాఖ అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. సహాయం చేయబోయి కేసులో ఇరుక్కోకండి.

మీ నీళ్లు మీరే మోసుకోవాలి. ఎండాకాలంలో మనిషికి 5 లీటర్లు, దొరికిన మనిషికి ఇంకో 2. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు లీటరుకు ఒకటి, అరలీటరు సీసాలో మొత్తం కొట్టేయకండి, ఉప్పు ఎక్కువై కీడు చేస్తుంది. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారుజామున ఎలుగులు ఆ చెట్ల కిందే ఉంటాయి. మాట్లాడుకుంటూ, చప్పుడు చేస్తూ నడవండి. పాము కరిస్తే కోయడం, తాడుతో బిగించడం వద్దు. కరిచిన కాలు కదలకుండా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి.

దొరికాడు. ఇప్పుడు అందరూ అటు పరుగెత్తకండి. వైర్‌లెస్‌లో పేరు, పరిస్థితి బహిరంగంగా చెప్పొద్దు, ముందే అనుకున్న సంకేతం వాడండి. సెట్టు పక్కన ఆయన కొడుకు నిలబడి ఉండొచ్చు. ప్రాణం లేకపోతే ఏమీ ముట్టుకోకుండా, వచ్చిన దారినే వెనక్కి జరిగి, పోలీసుల కోసం ఆగాలి.

బతికి ఉంటే మొదట మాట్లాడించండి. ఒళ్లు కాలిపోతూ పొంతన లేని మాటలంటే వడదెబ్బ. మోసుకుపోవడం తర్వాత, చల్లబరచడం ముందు. నీడలోకి మార్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరాలి. స్పృహ ఉండి మింగగలిగితేనే గుక్క గుక్కగా నీళ్లు. షుగర్ మనిషి మాత్ర వేసుకుని తిండి లేక నీరసించి ఉంటే, మింగగలిగితే చక్కెర నీళ్లు. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

మోత గురించి ఎవరూ ముందుగా ఆలోచించరు. స్ట్రెచర్‌కు ఒకేసారి ఆరుగురు. గుట్టల్లో పది పదిహేను నిమిషాలకోసారి చేతులు మారాలి, కాబట్టి కనీసం మూడు జట్లు, పద్దెనిమిది మంది. కిలోమీటరుకు గంట పట్టినా ఆశ్చర్యం లేదు. రోడ్డుకు నాలుగు కిలోమీటర్ల దూరాన అడవి లోపల దొరికితే ముందు నడిచి దారి కొట్టేవాళ్లు ఇద్దరు, నీళ్లు మోసేవాళ్లు ఇద్దరు అదనం. డోలీ మన అడవుల్లో తరాలుగా ఉంది, కాలు బెణికినవాళ్లకు అది చాలు. పడ్డ మనిషికి, మెడా వెన్నూ నొప్పి అంటున్న మనిషికి డోలీ పనికిరాదు, అందులో వెన్ను విల్లులా వంగుతుంది. వాళ్లకు గట్టి బల్లే కావాలి. ఈ పద్దెనిమిది మందిని పొద్దున్నే గాలింపులో అలసిపోయేలా తిప్పేస్తే సాయంత్రం మోసేవాళ్లుండరు. ఒక జట్టును రోడ్డు దగ్గరే కూర్చోబెట్టి ఉంచండి, ఎంత బతిమాలినా పంపకండి.

(సభలో ఒకరు: ఎన్ని రోజులు వెతకాలి సార్? ఎప్పుడు ఆపాలి?)

ఆపే నిర్ణయం మనది కాదు, పోలీసులది. మనం చేయాల్సింది ఆ నిర్ణయానికి ఆధారం ఇవ్వడం. ఏ బ్లాకులో ఎంత చూశామో రాసి ఉంటే, ఇంకా చూడదగ్గ చోటు మిగిలిందో లేదో ఎవరైనా చెప్పగలరు. రాసి లేకపోతే అలసట వచ్చినప్పుడు ఆగిపోతుంది, మీడియా వచ్చినప్పుడు మళ్లీ మొదలవుతుంది. ఆ ఇంటివాళ్లకు రోజూ ఒకే మనిషి, రోజుకు రెండుసార్లు, ఏం చూశాం, ఏం చూడలేదు అన్నది కూర్చుని చెప్పాలి. వాళ్ల దగ్గర మ్యాప్ దాచకండి. రిజిస్టర్ కాపీ స్టేషన్‌లో ఇవ్వండి. నెల తర్వాత కట్టెలకో తేనెకో వెళ్లినవాళ్లకు సంచి ఒకటి కనిపిస్తే, ఆ రిజిస్టర్ ఉంటేనే దానికి అర్థం తెలుస్తుంది.

సరే, ఎండ ఇంకా ముదరలేదు. ఐదుగురేసి జట్లు కట్టండి. వెనకాల పొదల్లో ఆరు సంచులు పడేసి ఉన్నాయి, రెండు తెల్లవి, రెండు ఖాకీవి, రెండు గోనెరంగువి. ఒక్కో జట్టుకు ఒక సంచి, ఎనిమిది దిక్కులు, పోయేటప్పుడు దూరం, వచ్చేటప్పుడు దూరం, మొత్తం పదహారు కొలతలు. అడుగులతో కాదు, టేపుతో. ఇంకో జట్టు కాగితం చూడకండి. నలభై నిమిషాల్లో ఇక్కడికే రండి, నీళ్ల సీసాలు మర్చిపోకండి.